పొడుగు మాటల పొత్తు: థీమ్ ఉన్న గడిని నింపడం గురించి

(పదకేళి అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నేను మొదలుపెట్టే లోపు బోర్డు మీద రాసిన ఐదు మాటలూ ఒకసారి చూస్తూ ఉండండి.

వాయు కాలుష్యం. జనాభిప్రాయం. మనోరుగ్మత. భూతల స్వర్గం. అన్నిటి కిందా శీర్షాసనం.

ఈ ప్రసంగం కోసం నేను కట్టిన చిన్న పదకేళి గడిలోని మాటలివి. మొదటి నాలుగూ ఐదేసి గళ్ళవి, అన్నీ అడ్డం. పైనుంచి కిందికి సరిగ్గా ఇదే వరసలో ఉంటాయి. చివరిది నాలుగు గళ్ళది. ఈ ఐదూ ఒకే గడిలోకి ఎందుకు వచ్చాయో ఆలోచిస్తూ ఉండండి. తట్టినవాళ్ళు దయచేసి పక్కవాళ్ళకి చెప్పకండి. ముందు వరసలో ఇద్దరు అప్పుడే నవ్వుతున్నారు, వాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను. (నవ్వులు)

మీలో చాలామంది రోజూ పేపర్లో గడి నింపేవాళ్ళే. మామూలు గడిలో ఏ ఆధారం, అంటే మాట కోసం ఇచ్చే సూచన, లెక్క దానిదే. ఏడు అడ్డానికీ ఇరవై రెండు అడ్డానికీ సంబంధం ఉండదు. మధ్యలో ఒక నిలువు మాట రెండింటినీ కోసుకుంటూ పోతే పోతుంది, అంతే. థీమ్ ఉన్న గడిలో అలా కాదు. మూడో నాలుగో పొడుగు మాటల మధ్య కూర్పరి, అంటే గడి కట్టేవాడు, ఒక పొత్తు పెడతాడు. ఆ పొత్తు ఏమిటో ఏ ఆధారంలోనూ నేరుగా చెప్పడు. అంటే మీకు ఇచ్చిన గడి ఒకటి, ఇచ్చినట్టు చెప్పని గడి ఇంకొకటి. మొదటిదానిలో అడగాల్సిన ప్రశ్న "జవాబేంటి?" రెండోదానిలో అడగాల్సింది "ఈ జవాబు ఇక్కడెందుకుంది?" నేను ఇవాళ మాట్లాడదలచుకున్నదంతా ఆ రెండో ప్రశ్న గురించే. దాన్ని అడగకుండా గళ్ళన్నీ నింపేసి పేపర్ మడిచి పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. గళ్ళు నిండుతాయి, కాదనను. కానీ కూర్పరి ఎక్కువ కష్టపడ్డ చోటు వాళ్ళ కంట పడకుండానే పోతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన వర్డ్-క్రాస్‌ను మొదటి గడి అంటారు. వజ్రం ఆకారంలో ఉంటుంది. పైన 'ఫన్' అనే మాట ముందే నింపి ఇచ్చాడు. థీమ్ లాంటిది ఏమీ లేదు. 1924లో సైమన్ అండ్ షుస్టర్ మొదటి గడుల పుస్తకం వేసి, దానికో పెన్సిల్ తగిలించి అమ్మింది. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ ఈ పిచ్చిని పాపిష్టి కాలహరణం అని తిట్టిపోసింది. ఆ పత్రికే పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, 1942 ఫిబ్రవరి 15న తన ఆదివారం గడి మొదలుపెట్టింది. యుద్ధవార్తల నడుమ పాఠకుడికి మనసు మళ్ళించేది ఏదో ఒకటి ఉండాలని వాళ్ళకి తోచింది. 1950 నుంచి రోజూ వేస్తున్నారు. మార్గరెట్ ఫారర్ వాళ్ళ మొదటి సంపాదకురాలు. ఇవాళ మనం చూసే కట్టుబాట్లు చాలావరకు ఆవిడ హయాంలో స్థిరపడ్డవే.

ఆ కట్టుబాట్లు తెలిస్తే థీమ్ పట్టుకోవడం సగం సులువవుతుంది కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగుతాను. అమెరికన్ దినపత్రికల్లో రోజువారీ గడి సాధారణంగా అడ్డం పదిహేను, నిలువు పదిహేను. ఆదివారం ఇరవై ఒకటి. మూడు అక్షరాల కంటే చిన్న మాట ఉండకూడదు. ప్రతి తెల్లగడీ ఒక అడ్డం మాటలోనూ ఒక నిలువు మాటలోనూ ఉండాలి. పేపర్‌ని తలకిందులుగా తిప్పినా నల్లగళ్ళ అమరిక అలాగే కనిపించాలి. ఇది అందం కోసం పెట్టుకున్న నియమంలాగే ఉంటుంది గానీ, నింపేవాడి చేతికి ఇదో ఆయుధం. పై నుంచి నాలుగో వరసలో పదకొండు గళ్ళ థీమ్ మాట కనిపించిందంటే, కింద నుంచి నాలుగో వరసలోనూ పదకొండు గళ్ళ మాట ఉండి తీరాలి, అది కూడా దాదాపుగా థీమ్ మాటే అవుతుంది. ఒక్క అక్షరం నింపకముందే, ఖాళీ గడి చూసి ఈ మాటల జాగా మీరు గుర్తుపట్టొచ్చు. నేను మొదట చేసే పని అదే. పొడుగ్గా ఉన్న అడ్డం మాటల పక్కన చిన్న చుక్క పెట్టుకుంటాను.

ఇంకో సంగతి. న్యూయార్క్ టైమ్స్ గడి సోమవారం చాలా తేలిక, రోజురోజుకీ బిగుసుకుంటూ శనివారానికి కొరకరాని కొయ్య. అయితే థీమ్ ఉండేది మాత్రం ఎక్కువగా సోమవారం నుంచి గురువారం వరకూ, మళ్ళీ ఆదివారం. శుక్ర, శనివారాల్లో మామూలుగా థీమ్ ఉండదు. కొత్తవాళ్ళు ఇది తెలియక, శనివారం గడిలో లేని పొత్తు కోసం వెతికి తల బద్దలు కొట్టుకుంటారు. గురువారం వచ్చిందంటే మాత్రం ప్రతిదాన్నీ అనుమానించాలి. ఆ రోజు ఒకే చదరంలో ఒకటికి నాలుగు అక్షరాలు కుక్కాల్సి రావచ్చు, దీన్ని రీబస్ అంటారు. మాట నల్లగడి దూకి అవతలికి పోవచ్చు. వెనక్కి తిరిగి నడవొచ్చు.

సరే, బోర్డు దగ్గరికి వద్దాం. ఎంతమందికి తట్టింది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు.

ఇక మిగతావాళ్ళ కోసం. ఈ మాటల అర్థాలు వెతికితే లాభం లేదు. కాలుష్యానికీ స్వర్గానికీ పొత్తేముంది? అర్థాలు వదిలేసి గళ్ళు చూడండి. వా, యు, కా, లు, ష్యం. మూడో గడి, నాలుగో గడి కలిపి చదవండి. కాలు. జనాభిప్రాయంలో రెండో గడి, మూడో గడి. నాభి. మనోరుగ్మతలో నోరు. భూతల స్వర్గంలో తల. పైన కాలు, దాని కింద బొడ్డు, దాని కింద నోరు, అన్నిటి కిందా తల. ఈ గడిలో ఒక మనిషి తలకిందులుగా నిలబడి ఉన్నాడు. అందుకే శీర్షాసనం. (చప్పట్లు)

ఈ చివరి మాటని ఇంగ్లీషువాళ్ళు రివీలర్ అంటారు. గుట్టు విప్పేది అన్నమాట. దానికి నేనిచ్చిన ఆధారం ఇది: "ఇక్కడి నాలుగు పొడుగు మాటలూ కలిసి వేస్తున్న ఆసనం." ఇప్పుడు నింపేవాడి పక్క నుంచి చూద్దాం. నిలువు మాటల పుణ్యమా అని మీకు చివరి రెండు గళ్ళు, స, నం, దొరికాయనుకోండి. నాలుగు గళ్ళ ఆసనాలు ఎన్ని? పద్మాసనం, వజ్రాసనం, శవాసనం, శీర్షాసనం. అన్నీ సరిపోతాయి, అన్నిటికీ చివర స, నం ఉన్నాయి. థీమ్ పట్టని మనిషి మొదటి రెండు గళ్ళలోకి దిగే నిలువు మాటలు తెలిసేదాకా ఆగాలి. ఆ నిలువు మాటలు కష్టమైనవైతే అక్కడే చతికిలబడతాడు. కాలు పైన, తల కింద ఉందని చూసినవాడు ఒక్క అక్షరం సాయం లేకుండా శీర్షాసనం రాసేస్తాడు.

అటు నుంచి కూడా పనికొస్తుంది. మొదటి రెండు మాటల్లో కాలు, నాభి కనిపించాయి. మూడో మాటలో మ, ఆ తర్వాత రెండు ఖాళీలు, ఆపైన గ్మ, త ఉన్నాయి. ఆధారం "మనసుకు వచ్చే జబ్బు" అని ఉంది. మీకు మాట నోటి చివర ఆడుతోంది, రావడం లేదు. అప్పుడు ఆ రెండు ఖాళీల్లో ఒక అవయవం ఉండాలని, అది బొడ్డుకీ తలకీ మధ్యదై ఉండాలని మీకు ముందే తెలుసు. రెండక్షరాల అవయవాలు ఎన్నున్నాయి? మెడ, ముక్కు, చెవి, నోరు. నాలుగింటినీ పెట్టి చూస్తే ఏది కుదురుతుందో అర నిమిషంలో తేలిపోతుంది. అందుకే థీమ్‌ని గడంతా నిండాక చూసి ముచ్చటపడే అలంకారంగా వదిలేయకండి. సగంలో ఉండగానే వాడుకోవాల్సిన పనిముట్టు అది.

ఇక్కడో చిన్న పక్కదారి. నాభి సంస్కృతం, మిగతా మూడూ అచ్చతెలుగు. పట్టింపు ఉన్న సంపాదకుడు దీన్ని పట్టుకుంటాడు. థీమ్ గడుల్లో ఈ సమతూకం చాలా పెద్ద విషయం. పద్ధతి ఒక్కటే ఉండాలి, చివరిదాకా అదే నడవాలి. నేను "వాయు కాలుష్యం" అని ఎందుకు పెట్టానో గమనించండి. ఒట్టి "కాలుష్యం" పెట్టొచ్చు, కాలు అందులోనూ ఉంది. కానీ అప్పుడు కాలు మాట మొదట్లో పడుతుంది, మిగతా మూడింటిలో అవయవం మాట కడుపులో దాగుంది. ఒకటి బయటా మూడు లోపలా ఉంటే కుదరదు. ఇంకో నియమం కూడా ఉంది. దాచిన మాటకీ, దాన్ని దాచుకున్న మాటకీ అర్థంలో చుట్టరికం ఉండకూడదు. "తలపాగా"లో తల ఉందంటే అందులో దాచింది ఏముంది? తలకి చుట్టేదే కదా అది. భూతలంలో తలకీ మన బుర్రకీ ఏ సంబంధమూ లేదు, అందుకే అది పనికొచ్చింది.

నింపేవాళ్ళకి ఈ నియమాలతో పనేంటని అడగొచ్చు. పనుంది. కూర్పరి ఏ హద్దులో నడుస్తాడో తెలిస్తే, ఎక్కడికి పోలేడో కూడా తెలుస్తుంది. మీరు ఊహించిన పొత్తు నాలుగింట మూడింటికే సరిపోతే, నాలుగోది కూర్పరి అజాగ్రత్త అనుకోకండి. మీ ఊహే తప్పని అనుకోండి. నూటికి తొంభై సార్లు అదే నిజం అవుతుంది. మంచి పత్రికలో అజాగ్రత్త గడి అచ్చు దాకా రాదు.

థీమ్‌లు ఎన్ని రకాలని అడిగితే లెక్క చెప్పడం కష్టం. మొదటి ముక్కలు ఒకే జాతివి కావడం, చివరి ముక్కలు ఒకే జాతివి కావడం, ఇప్పుడు చూసినట్టు లోపల దాగడం, నానుడిలో ఒక అక్షరం కలపడమో తీసేయడమో చేసి నవ్వొచ్చే అర్థం పుట్టించడం, ఇవి తరచూ కనిపిస్తాయి. ఈ చివరి రకంలో ఆధారానికి చివర ప్రశ్నార్థకం ఉంటుంది. ప్రశ్నార్థకం కనిపిస్తే సూటి అర్థం తీసుకోకండి, కూర్పరి చమత్కరిస్తున్నాడని దాని భావం. ఆదివారం గడికి పైన శీర్షిక ఉంటుంది, థీమ్ సూచన అందులోనే ఉంటుంది. దాన్ని చదవకుండా గళ్ళలోకి దిగేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

ఇంకొక్క ఆనవాలు చెప్పాలి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కూర్పరి పని ఏ వరసలో చేస్తాడో ఆలోచించండి. ముందు థీమ్ మాటలు పెడతాడు. అవి కదలవు. వాటి చుట్టూ నల్లగళ్ళు సర్దుతాడు. చివరికి మిగిలిన ఖాళీల్లో ఏ మాట పడితే ఆ మాట దూరుస్తాడు. థీమ్ మాటలు రెండు దగ్గర దగ్గరగా ఉన్న చోట నిలువు మాటలకి ఊపిరాడదు. అక్కడే ఎవరూ మాట్లాడని మాటలు, పొట్టి సంక్షిప్తాలు, గడుల్లో తప్ప ఇంకెక్కడా బతకని పదాలు పోగవుతాయి. ఇంగ్లీషు గడుల్లో ఓరియో బిస్కెట్టూ ఈరీ సరస్సూ మాటిమాటికీ ఎదురయ్యేది అందుకే. ఉన్న నాలుగక్షరాల్లో మూడు అచ్చులు, ఎక్కడైనా ఇరుక్కుంటాయి. కాబట్టి గడిలో ఒక మూల చెత్త మాటలు ఎక్కువగా కనిపిస్తే విసుక్కోకండి. థీమ్ అక్కడ బిగుసుకుని ఉందని గుర్తు. చుట్టుపక్కల వెతకండి.

మన తెలుగు గడిలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇంగ్లీషులో గడికో అక్షరం, అక్షరాలు ఇరవై ఆరు. మనకి గుణింతాలు, ఒత్తులు, సున్నలు అన్నీ కలిపి ఒక గడిలో కూర్చుంటాయి. "ర్షా" అనే గడిని కోసుకుంటూ పోయే నిలువు మాట వెతకండి, మీకే తెలుస్తుంది. వర్షాకాలం, వర్షాభావం, అలాంటివే ఇంకొన్ని. "స్వ" కొంత నయం. "గ్మ" అయితే వాగ్మి కూడా పనికిరాదు, అది "గ్మి". యుగ్మం కూడా కాదు, అది "గ్మం". అందుకే మన గడుల్లో నల్లగళ్ళు ఎక్కువ, ఒక మాటలో ఏ మాటా కోసుకోని గళ్ళూ ఎక్కువ. అలాంటి చోట నాలుగు థీమ్ మాటలు ఇరికించడం నిజంగా సాహసం. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కట్టారు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కట్టారు, రెండూ గడులే. వాళ్ళకి అంత సరదా పుట్టించిన పనిలో ఛందస్సుకున్నంత బిగింపు ఉందని నా నమ్మకం. ఒకటి మాత్రం మనకి కలిసొచ్చింది. మన గడిలో అక్షరాలు విడివిడిగా నిలబడతాయి కాబట్టి, మాటల్లో మాటలు దాచడం ఇంగ్లీషులో కంటే తెలుగులో అందంగా కుదురుతుంది. వినగానే పట్టుబడవు. "జనాభిప్రాయం" అని పలికినప్పుడు నాభి ఎవరికి వినిపిస్తుంది?

ఇప్పుడు రెండు గడుల కథలు చెబుతాను. థీమ్ ఎంత దూరం పోగలదో చూడ్డానికి.

మొదటిది 1996 నవంబర్ 5 నాటి న్యూయార్క్ టైమ్స్ గడి. అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజు. పోటీ బిల్ క్లింటన్‌కీ బాబ్ డోల్‌కీ. గడి కట్టింది జెరెమయా ఫారెల్. మధ్య వరసలో ఏడు గళ్ళ మాట, ఒక నల్లగడి, మళ్ళీ ఏడు గళ్ళ మాట. ఆధారం, రేపటి పేపర్లో పతాక వార్త ఏమిటని. రెండో మాట "ఎలెక్టెడ్". మొదటి మాట దగ్గర జనానికి కోపం వచ్చింది. కొందరికి "క్లింటన్" వచ్చింది, ఫలితం రాకముందే పత్రిక ఇలా ఎలా రాస్తుందని ఫోన్లు. ఇంకొందరికి "బాబ్ డోల్" వచ్చింది, వాళ్ళవీ ఫోన్లే. రెండూ ఇంగ్లీషులో ఏడేసి అక్షరాలు. అసలు చమత్కారం నిలువు మాటల్లో ఉంది. ఆ ఏడు గళ్ళలోకి దిగే ఏడు నిలువు ఆధారాలకీ రెండేసి సరైన జవాబులు ఉన్నాయి. హాలోవీన్ నాటి నల్ల జంతువు ఏదంటే క్యాట్ రాసుకోవచ్చు, బ్యాట్ రాసుకోవచ్చు. మొదటిది క్లింటన్ 'సి'ని ఇస్తుంది, రెండోది బాబ్ 'బి'ని ఇస్తుంది. కుట్టుపని దుకాణంలో కొనేది యార్న్ (నూలు) అయినా సరే, యార్డ్ (గజం బట్ట) అయినా సరే. ఇలా ఏడుకు ఏడూ. అప్పటికి మూడేళ్ళుగా ఆ గడుల సంపాదకుడిగా ఉన్న విల్ షార్ట్జ్, తనకి అన్నిటికంటే నచ్చిన గడి ఇదేనని చాలాసార్లు చెప్పాడు.

గళ్ళన్నీ సరిగ్గా నింపినవాళ్ళలో కూడా చాలామందికి సగం గడే కనిపించింది. వాళ్ళ జవాబు తప్పు కాదు. క్యాట్ అని రాశాక బ్యాట్ కూడా కుదురుతుందేమోనని ఎవరు చూస్తారు? "ఎన్నికల రోజున, ఫలితం తెలియకుండా, ఈ మాట ఇక్కడ ఎలా పెట్టగలిగాడు?" అని ఆగినవాడికే రెండో పేరు దొరికింది. ఫోన్ చేసి తిట్టినవాళ్ళు కూడా ఆ ప్రశ్న దాకా వచ్చినవాళ్ళే సుమా, జవాబు కోసం ఇంకో నిమిషం ఆగలేదంతే.

రెండోది వేరే రకం. జాన్ గ్రాహం అనే మతగురువు బ్రిటన్‌లో గార్డియన్ పత్రికకి 1958 నుంచి గడులు కట్టాడు, 1970 నుంచి అరౌకేరియా అనే మారుపేరుతో. థీమ్ గడుల్లో ఆయన్ని మించినవాడు లేడని ఆ పత్రిక పాఠకులు అంటారు. బ్రిటన్ గడి అమెరికా గడి కంటే వేరు. అక్కడ ఆయన కట్టే రకంలో ప్రతి ఆధారమూ మెలికే, మన గడుల్లో "తిరగబడింది", "తోక తెగింది" అన్నట్టు. అలాంటి గడుల్లో ఆయన ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి దారులు వేసేవాడు. 2013 జనవరిలో గార్డియన్‌లో వచ్చిన ఆయన గడి ఒకదానికి పైన ఒక చిన్న సూచన ఉంది. అరౌకేరియాకు 19లో 18 నిలువు ఉంది, దానికి 15తో చికిత్స జరుగుతోంది అని. గడి నింపుతూ పోతేగానీ అర్థం కాదు. 18 నిలువు క్యాన్సర్. 19 అన్నవాహిక. 15 ఉపశమన చికిత్స. తొంభై దాటిన మనిషి, తనకి నయం కాని జబ్బు వచ్చిందని తన పాఠకులకి తనకి తెలిసిన పద్ధతిలోనే చెప్పుకున్నాడు. గడిలో ఇంకా ఎండోస్కోపీ, స్టెంట్ లాంటి మాటలున్నాయి. ఆ ఏడాది నవంబర్‌లో ఆయన పోయాడు. చివరిదాకా గడులు కడుతూనే ఉన్నాడు.

నేను దీని మీద ఎక్కువ మాట్లాడను. ఒక్కటి మాత్రం అంటాను. ఆ రోజు ఆ మూడు అంకెల మీదికి ముందుగా వెళ్ళినవాళ్ళూ ఉంటారు, పై సూచన వదిలేసి ఒకటి అడ్డం నుంచి వరసగా నింపుకుంటూ పోయినవాళ్ళూ ఉంటారు. "ఎండోస్కోపీ" దగ్గర రెండోవాళ్ళకి కూడా చెయ్యి ఆగి ఉంటుంది.

ఇక ప్రశ్నలకి సమయం ఉందంటున్నారు. అడగండి.

(సభలోంచి: గుట్టు విప్పే ఆధారం ముందే చూసుకుని, దాంతో మొదలుపెట్టడం తప్పా?)

తప్పేం లేదండి. కొత్తవాళ్ళకి నేనే చెబుతాను, కింది కుడి మూల ఆధారాలు ముందు చదవమని. రివీలర్ చాలాసార్లు అక్కడో, సరిగ్గా గడి మధ్యలోనో ఉంటుంది. దాని ఆధారం మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది, లోపల ఇంకో మూడు నాలుగు ఆధారాల అంకెలు కనిపిస్తాయి. గుర్తుపట్టడం తేలిక. అలవాటు పడ్డవాళ్ళు మాత్రం ఒక నెల దాన్ని చూడకుండా చేసి చూడండి. రెండు పొడుగు మాటలు దొరకగానే ఆగి, పొత్తు ఏమై ఉంటుందో ఊహించి, అంచులో పెన్సిల్‌తో రాసి, అప్పుడు ముందుకు పొండి. ఊహ తప్పినప్పుడు టెన్షన్ పడక్కర్లేదు, రబ్బరు ఉండనే ఉంది.

(సభలోంచి: ఫోన్లో వెతికి జవాబు పట్టుకోవడం గురించి ఏమంటారు?)

ఊళ్ళ పేర్లు, ఆటగాళ్ళ పేర్లు వెతుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. అవి తెలిసి ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. వాటి దగ్గర గంట కూర్చుంటే కొత్తగా తట్టేదేమీ ఉండదు. థీమ్ మాత్రం వెతకొద్దు. అది ఆలోచిస్తే తట్టే జాతి. వెతికి పట్టుకుంటే ఆ రోజుకి గడి అయిపోయినట్టే, ఇక మీకు మిగిలేది ఖాళీలు నింపే గుమాస్తా పని.

(సభలోంచి: మాకు కట్టడం నేర్చుకోవాలని ఉంది. తేలికైన థీమ్ ఒకటి చెప్పండి.)

అడిగారు కాబట్టి, సగం కట్టి వదిలేసింది ఒకటి ఇస్తాను. పదిలం, వందనం, వేలుపు, లక్షణం. నాలుగూ మూడేసి గళ్ళే. మొదటి రెండు గళ్ళు చదవండి. పది, వంద, వేలు, లక్ష. పైనుంచి కిందికి పెద్దదవుతూ పోతుంది. వినడానికి బాగుంది కదా? కానీ ఇది అచ్చుకి పోదు. ఎందుకో చెప్పండి.

(సభలోంచి: వేలు బహువచనం.)

అదీ! పది, వంద, లక్ష ఒక్కటొక్కటే, వేలు మాత్రం బోలెడు. ఇందాక సమతూకం అన్నది దీని గురించే. మరి వేయితో మొదలయ్యే మాట ఏది?

(సభలోంచి: వేయిస్తంభాల గుడి.)

అందులో వేయి అంటే నిజంగా వేయే. దాగింది ఏముంది? పైగా మూడు గళ్ళలో పట్టదు. "వేయించు" అంటారేమో, అక్కడ రెండో గడి "యిం", "యి" కాదు. "వెయ్యి"తో చూసినా నాకు కుదిరింది దొరకలేదు. వేలుపుని తీసేసి, వందనం నుంచి లక్షణానికి దూకేయొచ్చు. కానీ అప్పుడు మూడే మాటలు మిగులుతాయి, మెట్టు కూడా ఒకటి తప్పుతుంది. కోటితో ఐదోది కూడా కలిపితే గడి నిండుగా ఉంటుంది. టీకి పది నిమిషాలు విరామం ఇస్తున్నారు. ఎవరికైనా వేయికి గానీ కోటికి గానీ మూడు గళ్ళ మాట తడితే, చీటీ మీద రాసి ఈ బల్ల మీద పెట్టండి. దొరికితే గడి బోర్డు మీదే కట్టేద్దాం.